వెనక షాక్‌లు కొనేముందు టేపు తీసుకోండి

స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్ళి "స్ప్లెండర్‌కి వెనక షాక్‌లు చూపించన్నా" అంటే కౌంటర్ మీద మూడు డబ్బాలు పడతాయి. ఒకటి కంపెనీది, ఒకటి దానికన్నా కాస్త తక్కువ రేటుకి వచ్చే వేరే బ్రాండు. మూడోది ఎర్ర స్ప్రింగుతో, పక్కన బంగారు రంగు డబ్బీతో మెరిసిపోతూ ఉంటుంది, చెయ్యి దాని మీదకే పోతుంది. షాపతను అడిగేదల్లా ఏ మోడలు, ఏ సంవత్సరం అనే. ఈ బండి మీద రోజూ ఎంత బరువు ఎక్కుతుంది అని మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, కాబట్టి మనమే అడుక్కుని, జవాబు తెలుసుకుని షాపుకి వెళ్ళాలి. నేను ఇక్కడ ఎక్కువగా చెప్పేది రెండు పక్కలా రెండు షాక్‌లు ఉండే మామూలు బండ్ల గురించి, అంటే స్ప్లెండర్, షైన్, పాత పల్సర్, క్లాసిక్ లాంటివి. మోనోషాక్, అంటే వెనక ఒక్కటే షాక్ ఉండే బండ్ల సంగతి చివర్లో కొంచెం చెప్తాను.

అసలు పోయింది షాకేనా?

వెనక టకటక శబ్దం వస్తోందన్నా, గుంతలో పడితే నడుం పట్టేస్తోందన్నా అందరూ వేలు చూపించేది షాక్‌ల మీదకే. డబ్బులు పెట్టేముందు కాసేపు మీరే చూసుకోండి. ముందు టైర్లో గాలి. పంక్చర్ షాపులో కొట్టే గాలి చాలాసార్లు కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువే ఉంటుంది, టైరు రాయిలా ఉంటే ఏ షాక్ వేసినా బండి మెత్తగా పోదు. ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అనేది మాన్యువల్లో ఉంటుంది, చాలా బండ్లకి చైన్ కవర్ మీద స్టిక్కర్ కూడా ఉంటుంది.

తరవాత డబుల్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఎడమకీ కుడికీ లాగండి. చక్రం ఒక్కటే ఆడుతుంటే బేరింగ్, చక్రంతో పాటు దాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం, అంటే స్వింగ్ ఆర్మ్ కూడా కదులుతుంటే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు. ఈ రెండిట్లో ఏది పోయినా కొత్త షాక్‌లు వేసినందువల్ల పైసా ఉపయోగం లేదు. షాక్ పైన, కింద ఉండే కన్నాల్లో రబ్బరు బుష్‌లు కూడా చూడండి, అవి అరిగి బోల్టు చుట్టూ ఖాళీ వచ్చినా అచ్చం షాక్ పోయినట్టే చప్పుడు వస్తుంది. అప్పుడు బుష్‌లు ఒక్కటే మార్పిస్తే చాలు.

ఇప్పుడు స్టాండ్ తీసి, వెనక సీటు మీద రెండు చేతులూ వేసి బలంగా కిందికి నొక్కి వదిలేయండి. పైకి లేచి ఒక్కసారి సర్దుకుని ఆగితే షాక్‌లో ఇంకా పని ఉన్నట్టే. రెండు మూడుసార్లు ఊగితే లోపల ఆయిల్ పని చెయ్యట్లేదు. షాక్ లోపలికి దిగి లేచే రాడ్ మీద సన్నటి నూనె పొర ఉండటం మామూలే, కంగారు పడక్కర్లేదు. అదే నూనె కిందికి కారి, దానికి దుమ్ము పట్టి, షాక్ ఒంటి మీద నల్లటి ముద్ద కట్టి ఉంటే సీలు పోయింది. రాడ్ మీద గోరుతో గీస్తే తగిలేంత గీతలో తుప్పు చుక్కలో ఉన్నా అంతే, కొత్త సీలు వేసినా ఆ గరుకు దాన్ని మళ్ళీ కోసేస్తుంది. వెనక టైరు ఒకేలా అరగకుండా అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగిందంటే, ఆ టైరు కొన్నాళ్ళుగా రోడ్డు మీద ఎగురుతూ పోతోందన్నమాట.

ఇంకోటి, బండి ఒక పక్కకి లాగుతోందని వచ్చేవాళ్ళలో కొందరి బండ్లకి ఎడమ షాక్ టెన్షన్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి పెట్టే మెట్ల రింగు) రెండో మెట్టు మీద, కుడిది నాలుగో మెట్టు మీద ఉంటుంది. ఎవరో ఎప్పుడో ఒకవైపు తిప్పి రెండోవైపు మర్చిపోయి ఉంటారు. ముందు రెండూ ఒకే మెట్టు మీద పెట్టి నడిపి చూడండి.

బరువు లెక్క

షాక్‌లో పనులు రెండు. బరువు మోసేది స్ప్రింగ్. గుంతలో దిగి లేచాక బండి ఊగుతూ పోకుండా ఆపేది లోపలి ఆయిల్, పిస్టన్‌కి ఉన్న చిన్న చిన్న కన్నాల్లోంచి ఆయిల్ కష్టంగా దూరుతుంది కాబట్టి ఊపు చస్తుంది. షాక్ పాతబడితే మామూలుగా ముందు పోయేది ఆయిల్ వైపే, స్ప్రింగ్ కాదు. కాబట్టి "మెత్తబడిపోయింది, ఈసారి గట్టి స్ప్రింగుది వేసేద్దాం" అని తొందరపడొద్దు.

ఒక కాగితం మీద రాయండి. మీ బరువు, రోజూ వెనక కూర్చునేవాళ్ళ బరువు, ముందు ట్యాంకు మీద కూర్చునే పిల్లాడు, సామాను. నడిపేవాళ్ళ బరువు రెండు చక్రాల మీదకీ పంచుకుంటుంది కానీ, వెనక కూర్చున్నవాళ్ళదీ క్యారియర్ మీద కట్టినదీ దాదాపు మొత్తం వెనక చక్రం మీదే పడుతుంది. ఊళ్ళో పాలు పోసే ఆయన్ని చూడండి. 40 లీటర్ల క్యాను నిండితే లోపలి పాలే 41 కిలోలు దాటతాయి, చెరో పక్కా ఒకటి వేలాడదీస్తే 82, క్యాన్ల బరువు అదనం. 14.2 కిలోల గ్యాస్ బండ ఇనుముతో కలిపి 30 కిలోల దగ్గర తూగుతుంది. 26 కిలోల బియ్యం సంచి సంగతి తెలిసిందే, 25 దాటితే జీఎస్టీ పడదని పుట్టుకొచ్చిన సైజు అది. ఎప్పుడో నెలకోసారి మోసేవి లెక్కలోకి రావు, వారంలో ఎక్కువ రోజులు బండి మీద ఉండే బరువే మీ బరువు.

ఇప్పుడు టేపు. బండి మీద ఇప్పుడున్న స్ప్రింగ్ మీకు సరిపోతుందో లేదో అదే చెప్తుంది, పాత షాక్ ఆయిల్ పోయి ఉన్నా ఈ కొలత పనికొస్తుంది. డబుల్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉన్నప్పుడు, చక్రం ఇరుసు నట్టు మధ్య నుంచి నిట్టనిలువుగా పైన సీటు కిందో గ్రాబ్ రైల్ మీదో ఒక చోట పెన్సిల్ గీత పెట్టి అక్కడిదాకా కొలవండి. 540 మి.మీ. వచ్చిందనుకుందాం. ఇప్పుడు స్టాండ్ తీసి, ఒకరిని హ్యాండిల్ పట్టుకోమని, మీరు రోజూ కూర్చున్నట్టే కూర్చుని, ఒకట్రెండుసార్లు ఊగి కదలకుండా ఉండండి, ఇంకొకరు అదే చోటు నుంచి కొలుస్తారు. 512 వచ్చింది. అంటే మీ బరువు, దాని సొంత బరువు కలిపి బండి 28 మి.మీ. దిగింది. వెనక చక్రం పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరం 90 మి.మీ. అయితే ఇది మూడో వంతుకి కొంచెం తక్కువ, బాగుంది. నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటే సరే అనుకోండి. అంతకన్నా ఎక్కువ దిగితే ప్రతి గుంతకీ షాక్ పూర్తిగా నొక్కుకుపోయి అడుగు తగులుతుంది, మరీ తక్కువ దిగితే టైరు గుంతలోకి దిగకుండా పైనుంచి ఎగురుతుంది.

మీరు దిగి, బండి ఒక్కదాన్నే నిటారుగా నిలబెట్టి మళ్ళీ కొలవండి. దాని సొంత బరువుకి అది కొంచెం, అంటే 5 నుంచి 10 మి.మీ. దాకా దిగాలి. అసలు దిగకుండా బిగుసుకుని ఉండి, మీరు కూర్చుంటే మాత్రం సరిగ్గా దిగుతోందంటే, ఆ స్ప్రింగ్ మీ బరువుకి మెత్తన, టెన్షన్ బాగా తిప్పి నెట్టుకొస్తున్నారు. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని గట్టిగా ఉంది కదా అని ఇంకా మెత్తటిది కొంటారు.

టెన్షన్ తిప్పడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్ప్లెండర్‌కి 5 మెట్లు ఉంటాయి, కొత్త క్లాసిక్ 350 కి 6. మెట్టు పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని మన దగ్గర అందరి నమ్మకం. గట్టిపడదు. మామూలు స్ప్రింగ్ ఒక్కోటి 2 కిలోలకి ఒక మి.మీ. నొక్కుకుంటుందనుకుంటే రెండూ కలిపి 4 కిలోలకి ఒక మి.మీ., వెనక ఇంకో 48 కిలోలు పడితే బండి సుమారు 12 మి.మీ. కిందికి దిగుతుంది. మెట్లు పెంచితే ఆ 12 తిరిగి పైకి వస్తాయి, బండి ఎత్తు సర్దుకుంటుంది, అంతవరకే. దాని తరవాత వచ్చే గుంతలో స్ప్రింగ్ ముందెంత గట్టిదో ఇప్పుడూ అంతే. అందుకే చివరి మెట్టు మీద పెట్టినా ఇద్దరెక్కితే అడుగు తగులుతోందంటే మీకు కావాల్సింది గట్టి స్ప్రింగున్న షాక్, అందులో సందేహం లేదు.

వారమంతా ఒక్కరే ఆఫీసుకి, ఆదివారం మాత్రం కుటుంబమంతా అనే వాళ్ళకి ఒక చివర చుట్లు దగ్గరదగ్గరగా, రెండో చివర ఎడంగా ఉండే స్ప్రింగ్ మంచిది. తక్కువ బరువుకి మెత్తగా ఉండి, దగ్గరి చుట్లు ఆనుకున్నాక గట్టిపడుతుంది. రోజూ బరువే మోసేవాళ్ళకి మొదటినుంచీ గట్టి స్ప్రింగ్ ఉన్నదే తీసుకోవాలి. అయితే స్ప్రింగ్ గట్టిదైనంత మాత్రాన బండి మోయగలిగే బరువు పెరగదు, ఛాసిస్, రిమ్ము, చువ్వలు, బ్రేకులు పాతవే కదా. మాన్యువల్లో రాసిన గరిష్ఠ బరువు షాక్ మారిస్తే మారదు.

పొడవు, కన్నాలు

ఇక్కడ పొరపాటు పడితే మిగతా ఏం చేసినా వృథా. షాక్ పొడవంటే పై బోల్టు కన్నం మధ్య నుంచి కింది బోల్టు కన్నం మధ్య దాకా, షాక్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు. పాత షాక్ విప్పి నేల మీద పెట్టి మి.మీ.లలో కొలుచుకోండి, ఇంచుల్లో సుమారుగా వద్దు. అదే మోడల్‌కని అమ్మేవాటిలో కూడా తేడాలుంటాయి, కంపెనీలు సంవత్సరం మారితే కొలతలు మార్చేస్తుంటాయి కూడా.

ఐదారు మి.మీ. తేడాని బండి సర్దుకుంటుంది. పొడుగ్గా కనపడితే బాగుంటుందని 20, 30 మి.మీ. పెంచేవాళ్ళున్నారు, దాంతో ఏమవుతుందో వినండి. వెనక లేచేసరికి ముందు ఫోర్కు నిటారవుతుంది, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది కానీ హైవే మీద స్పీడులో కుదురుండదు. డబుల్ స్టాండ్ వేసినా వెనక చక్రం నేలకి తగులుతూనే ఉంటుంది. సైడ్ స్టాండ్ మీద బండి మరీ ఒరిగిపోతుంది. హెడ్‌లైట్ కిందికి చూస్తుంది. చైన్ వదులు మారుతుంది, స్వింగ్ ఆర్మ్ కోణం పెరిగి చైన్ దానికి రాసుకోవచ్చు. పొట్టి షాక్ వేస్తే అన్నీ తిరగేసి జరుగుతాయి, పైగా పెద్ద స్పీడ్ బ్రేకర్ దగ్గర టైరు మడ్‌గార్డ్‌కి తగలడం, సైడ్ స్టాండ్ మీద బండి నిటారుగా నిలబడి చిన్న గాలికే అవతలి పక్కకి పడిపోవడం. కాళ్ళు నేలకి అందట్లేదని షాక్ పొట్టిది వెయ్యడం కన్నా సీటు ఫోమ్ కొంచెం కోయించుకోవడం నయం.

తరవాత చివరలు. పైనా కిందా రెండూ గుండ్రటి కన్నాలేనా, కింద యు ఆకారంలో పట్టుకునేదా? బోల్టు మందం 10 మి.మీ.నా, 12నా? కన్నం వెడల్పెంత? బోల్టు సన్నగా, కన్నం పెద్దగా ఉంటే "వాషర్ వేసి బిగించేద్దాం" అనే మాట వినపడుతుంది, ఆ షాపు నుంచి వచ్చేయండి. అలాగే కొత్త స్ప్రింగ్ పాతదానికన్నా లావుగా ఉంటే ఒకవైపు చైన్ కవర్‌కి, ఇంకోవైపు సైలెన్సర్‌కి రాసుకుంటుందేమో, పక్కన డబ్బీ ఉన్నదైతే అది ఇండికేటర్‌కో కాలికో అడ్డమొస్తుందేమో బండి పక్కన పెట్టి చూసుకున్నాకే బిల్లు కట్టండి.

ఆ బంగారు డబ్బీ కథ

పల్సర్ మీద నైట్రాక్స్ అని రాసిన డబ్బీ వచ్చినప్పటినుంచీ మనవాళ్ళకి డబ్బీ ఉంటేనే మంచి షాక్ అని ఒక ముద్ర పడిపోయింది. ఆ డబ్బీలో ఉండేది గ్యాస్, అది ఎందుకో చూద్దాం. గతుకుల రోడ్డు మీద ఆగకుండా పోతుంటే పిస్టన్ వేగానికి ఆయిల్ నురగ కడుతుంది, వేడెక్కుతుంది, నురగకి ఊపుని ఆపే బలం ఉండదు. నత్రజని గ్యాస్‌ని ఒత్తిడితో పెడితే ఆ నురగ తగ్గుతుంది. బయట డబ్బీ నిజమైనదైతే ఆయిల్‌కి ఎక్కువ చోటు దొరికి ఆలస్యంగా వేడెక్కుతుంది. ఘాట్ రోడ్లు ఎక్కేవాళ్ళకి, బరువుతో దూరం పోయేవాళ్ళకి అది నిజంగా పనికొస్తుంది. ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి కూరగాయల మార్కెట్టు తిరిగే బండికి మామూలు ఆయిల్ షాక్ బ్రహ్మాండంగా సరిపోతుంది. చవక రకాల్లో కొన్నిటికి ఆ డబ్బీ వట్టి అలంకారం, లోపల ఏమీ ఉండదు, ఒంటికి దానికీ మధ్య దారే ఉండదు. రేటు చూస్తేనే అనుమానం రావాలి.

బ్రాండ్ల మాటకొస్తే, బండి కంపెనీలు షాక్‌లు సొంతంగా చేసుకునేది తక్కువ. హీరోకి ముంజాల్ షోవా, బజాజ్‌కి ఎండ్యూరెన్స్, టీవీఎస్‌కి గాబ్రియల్, ఇలా బయటివాళ్ళే చేసిస్తారు. గాబ్రియల్, ఎండ్యూరెన్స్ తమ సొంత డబ్బాల్లో కూడా అమ్ముతాయి, మామూలు వాడకానికి నా ఓటు వాటికే. ఇంకా పైకి పోవాలంటే థాయ్‌లాండ్ వైఎస్ఎస్ ఉంది, ఇంగ్లండ్ హేగన్, జర్మనీ విల్బర్స్ ఉన్నాయి. స్వీడన్ ఓలిన్స్ సంగతి 100 సీసీ బండ్ల వాళ్ళకి అనవసరం. ఈ ఖరీదైనవాళ్ళలో నాకు నచ్చేది ఒకటుంది, హేగన్, విల్బర్స్ లాంటివాళ్ళు షాక్ తయారుచేసేముందు మీ బరువెంత, వెనక ఎవరైనా కూర్చుంటారా అని అడిగి దానికి తగ్గ స్ప్రింగ్ వేస్తారు. మన కౌంటర్ దగ్గర రానిది ఆ ప్రశ్నే.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కొంటే రేటు తగ్గుతుంది, కానీ నకిలీలూ ఉంటాయి. డబ్బా మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, తయారైన నెల ఉండాలి, ఆ పార్ట్ నంబరు మీ బండి మోడల్‌దేనా అని ఫోన్‌లో కంపెనీ పార్ట్స్ జాబితాలో చూసుకోండి. షాక్ చేతిలోకి తీసుకోండి. వెల్డింగ్ ముక్కలు ముక్కలుగా ఉన్నా, స్ప్రింగ్ రంగు వేలితో రుద్దితే పెళ్ళలుగా వస్తున్నా, రాడ్ మీద మెరుపు ఒకేలా లేకున్నా పక్కన పెట్టేయండి. బిల్లు లేకుండా ఇచ్చేదానికి వారంటీ నోటి మాటే.

షాక్ మార్చకుండా గట్టెక్కాలని స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికించేవాళ్ళున్నారు. దాంతో ఒక చుట్టు పని చెయ్యడం ఆగి స్ప్రింగ్ గట్టిపడిన మాట నిజమే, కానీ ఆయిల్ వైపు ఏమీ మారదు కాబట్టి గుంతలో దిగాక ఇంకా బలంగా పైకి తంతుంది, వెనక కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. సీలు మార్చి ఆయిల్ పోయించే రీకండిషన్ కూడా స్ప్లెండర్ లాంటివాటికి దండగ. రెండు షాక్‌లూ ఒకేలా పనిచేస్తాయన్న నమ్మకం ఉండదు. రెండు షాక్‌ల బండికి ఎప్పుడూ జతే మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే స్వింగ్ ఆర్మ్ మెలి తిరుగుతూ పనిచేస్తుంది.

మోనోషాక్ దగ్గర మాత్రం లెక్క వేరు. చాలా బండ్లలో షాక్ ఒక మి.మీ. కదిలితే చక్రం రెండు మూడు మి.మీ. కదులుతుంది, కాబట్టి పొడవులో 5 మి.మీ. తేడా కూడా సీటు దగ్గర పెద్ద తేడా. స్ప్రింగ్ బలం కూడా పక్క బండితో పోల్చి కొనడానికి లేదు, మీ మోడల్‌కి రాసినదే కొనాలి. రేటు ఎక్కువ కాబట్టి నత్రజని నింపే మిషను ఉన్న మంచి పనివాడు దొరికితే రీకండిషన్ గురించి ఆలోచించవచ్చు. విప్పడం ఇంట్లో వద్దు, వెనక భాగాన్ని సరిగ్గా ఎత్తి నిలబెట్టే స్టాండు లేకపోతే బండి మీద పడుతుంది.

రెండు షాక్‌ల బండికైతే ఇంట్లోనే బిగించుకోవచ్చు. డబుల్ స్టాండ్ వేసి ఒకవైపు విప్పి కొత్తది పెట్టాకే రెండోవైపు ముట్టుకోండి, రెండూ ఒకేసారి విప్పితే స్వింగ్ ఆర్మ్ కిందికి జారి మళ్ళీ కన్నాలు కలపడానికి తిప్పలు పడాలి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో విప్పేముందు ఫోటో తీసుకోండి. టెన్షన్ రెండిటికీ అన్నిటికన్నా తక్కువ మెట్టు మీద పెట్టి బిగిస్తే తేలిగ్గా కూర్చుంటాయి. నట్లు వేలితో తిప్పి కాస్త పట్టించి, బండిని స్టాండ్ మీంచి దించి, ఒకరు మీద కూర్చున్నాక పూర్తిగా బిగించండి, లేకపోతే రబ్బరు బుష్ మెలిపడిన స్థితిలో బిగుసుకుని త్వరగా చీలుతుంది. తరవాత చైన్ వదులు చూడండి, టేపుతో పైన చెప్పిన కొలతలు మళ్ళీ తీసి మెట్లు సర్దుకోండి. వారం తిరిగాక నట్లు ఇంకోసారి బిగించి చూడాలి.

గ్యాస్ ఉన్న పాత షాక్‌లు పాత ఇనుముకి వేసేటప్పుడు ఆ సంగతి అతనికి చెప్పండి. లోపల ఒత్తిడి ఉంటుంది, కటింగ్ మంట తగిలినా కన్నం పెట్టినా పేలే ప్రమాదం ఉంది.